నడిచి వెళ్లి తెచ్చుకునే జ్వరం

అందరికీ నమస్కారం. మనం "జ్వరం వచ్చింది" అంటాం కదా, పిలవని చుట్టం గుమ్మంలోకి వచ్చినట్టు. బల్లి విషయంలో ఆ మాట కుదరదండీ. దాని ఒంట్లో వేడి పుట్టించుకునే ఏర్పాటు దాదాపు లేదు, ఎండలో ఉంటే వేడెక్కుతుంది, నీడకి వస్తే చల్లబడుతుంది, అంతే. కాబట్టి దానికి జ్వరం కావాలంటే, ఒంట్లో బాగాలేకపోయినా సరే, కాళ్లీడ్చుకుంటూ వెచ్చటి చోటికి వెళ్లి తెచ్చుకోవాల్సిందే.

1970లలో మిచిగన్ యూనివర్సిటీలో మాథ్యూ క్లూగర్ బృందం ఎడారి ఇగువానాల మీద ఇదే చూసింది. ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బ్యాక్టీరియా ఎక్కిస్తే, ఆ బల్లులు వేడి చోటు వెతుక్కుని, ఒంటి వేడిని మామూలుకంటే సుమారు 2 డిగ్రీల సెల్సియస్ పెంచుకున్నాయి. సరే, పెంచుకున్నాయి, దాంతో లాభమేమిటి? అది తేల్చడానికి 1975లో వాటికి ఎంచుకునే వీలే లేకుండా చేశారు. జబ్బు చేసిన బల్లుల్ని కొన్నిటిని 34 డిగ్రీల దగ్గర, కొన్నిటిని 42 దగ్గర, మిగతావాటిని మధ్యలో ఉంచితే, వారం తిరిగేసరికి 42లో ఉన్నవాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు బతికున్నాయి, 34లో ఉన్నవి ఒక్కటీ మిగల్లేదు. మరుసటి ఏడాది ఇంకో మెలిక పెట్టారు. ఆస్పిరిన్ జాతి మందు ఇచ్చి చూస్తే, మందు పనిచేసి జ్వరం తెచ్చుకోనివి చచ్చిపోయాయి, మందు పడినా వేడెక్కినవి బతికాయి. (ఇది విని ఇంటికెళ్లి పిల్లల మందులు ఆపేయకండి, మనం బల్లులం కాదు.)

ఆ వేడికి బ్యాక్టీరియా మాడిపోతుందేమో అనిపిస్తుంది. కాదు. జబ్బు చేసిన బల్లి రక్తంలో ఇనుము తగ్గిపోతుంది, ఇనుము దొరక్క, పైగా వేడి తోడై, సూక్ష్మజీవి పెరుగుదల కుంటుపడుతుంది. ఒక్క వేడి అయితే దానికి పెద్ద లెక్క కాదు.

అయితే ఈ జ్వరానికి ఖరీదు కూడా ఉంది. ఎండలో కదలకుండా కూర్చున్న బల్లి గద్దకి కూడా బాగా కనిపిస్తుంది కదా! అయినా ఇలా జ్వరం తెచ్చుకునేవి బల్లులొక్కటే కాదు, మిడతలు కూడా ఫంగస్ సోకితే ఎండ కాచుకుంటాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది కార్ప్ చేప కథ. దానికి సోకే ఒక హెర్పిస్ వైరస్, ఇన్ఫెక్షన్ వచ్చిందని ఒంట్లో కబురు మోసే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ని దారిలోనే పట్టేసుకునే ఎరని తయారుచేస్తుంది. దాంతో చేప వెచ్చటి నీళ్లలోకి ఆలస్యంగా వెళ్తుంది. 2017లో వచ్చిన పరిశోధనలో వైరస్ నుంచి ఆ జన్యువు తీసేస్తే చేప ముందే బయలుదేరింది. జ్వరం పనికిరానిదైతే దాన్ని ఆపడానికి వైరస్‌కి ఇంత తంటా ఎందుకండీ?

ఇంతా చెప్పాక ఒక తిరకాసు. బంబుల్ తేనెటీగ ఒంట్లో ఒక రకం ఈగ పిల్ల పురుగై పెరుగుతుంటుంది. ఆ తేనెటీగ రాత్రి వెచ్చటి గూటికి వెళ్లకుండా బయట చలిలోనే ఉండిపోతుంది. చలికి లోపలి పురుగు ఎదుగుదల మందగించి, తేనెటీగకి ఇంకొన్ని రోజులు దక్కుతాయి.