అరవై సెకన్లలో కెన్నెత్ విలియమ్స్

శ్రోతలందరికీ నమస్కారం.

ముందుగా ఒక చిన్న ప్రయత్నం చేసి చూడండి. గడియారం ఎదురుగా పెట్టుకుని, గొడుగు గురించి ఒక్క నిమిషం గడగడా మాట్లాడండి. మధ్యలో ఆగకూడదు. ఒకసారి అన్న మాట మళ్ళీ అనకూడదు. గొడుగును వదిలేసి పక్కదారి పట్టకూడదు. 'అది', 'ఇది' లాంటి చిన్న మాటలకు మినహాయింపు ఇచ్చినా సరే, ఇరవై సెకన్లు దాటేలోపే వాన రెండోసారి వచ్చేస్తుంది.

బ్రిటన్‌లో బీబీసీ రేడియో 4 ఈ మూడు నిబంధనల మీదే ఒక కార్యక్రమాన్ని నిలబెట్టింది. పేరు 'జస్ట్ ఎ మినిట్'. 1967 డిసెంబరు 22న మొదలైంది. దీన్ని తయారుచేసిన ఇయాన్ మెసిటర్‌కు ఈ ఆలోచన లండన్‌లో 13వ నంబరు బస్సు పై అంతస్తులో కూర్చుని ఉండగా వచ్చిందట. చిన్నప్పుడు క్లాసులో పరధ్యానంగా ఉన్న ఆయన్ని చరిత్ర మాస్టారు లేపి, గడిచిన నిమిషంలో తాను చెప్పిందంతా ఆగకుండా, అన్నదే అనకుండా అప్పజెప్పమన్నారట. అది గుర్తొచ్చింది. ఆ శిక్షే ఆట అయింది.

నలుగురు ఆటగాళ్ళు, ఒక ఛైర్మన్, పక్కనే స్టాప్‌వాచ్, ఈల. ఒకరు మాట్లాడుతుంటే మిగతా ముగ్గురూ బజర్ మీద వేలు పెట్టుకుని కాచుకుని ఉంటారు. తప్పు దొరికిందా, నొక్కేస్తారు. అభ్యంతరం నిలబడితే మిగిలిన సెకన్లు నొక్కినవారివే. ఈల మోగే వేళకు ఎవరు మాట్లాడుతుంటే వారికి ఒక పాయింటు. మన అవధానంలో నిషిద్ధాక్షరి కట్టడి చేస్తుంది, అప్రస్తుత ప్రసంగి అడ్డం పడతాడు. ఆ రెండూ గడియారం సాక్షిగా ఒకేసారి జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మొదటి రికార్డింగు బీబీసీ అధికారులకు పెద్దగా నచ్చలేదు. నిర్మాత డేవిడ్ హాచ్ పట్టుబట్టడం వల్ల కార్యక్రమం బతికింది. ఆ అధికారుల అనుమానంలోనూ కొంత న్యాయం ఉందనిపిస్తుంది నాకు. ఉత్త నిబంధనలు పెట్టి మనుషుల్ని కూర్చోబెడితే అది పరీక్ష అవుతుంది కానీ వినోదం కాదు. ఆ పరీక్షను నాటకంగా మార్చడానికి ఒక మనిషి కావాలి. 1968లో ఆ మనిషి వచ్చారు. ఆయనే కెన్నెత్ విలియమ్స్.

అప్పటికే ఆయన బ్రిటన్‌లో అందరికీ తెలిసిన హాస్యనటుడు. 'క్యారీ ఆన్' సినిమాల్లో ముక్కుపుటాలు ఎగరేస్తూ కనిపించేది ఆయనే. రేడియో హాస్య నాటికల్లో ఎన్ని గొంతులు మార్చారో లెక్కలేదు. అయితే అక్కడంతా ఎవరో రాసిన మాటలు. ఇక్కడ కాగితం లేదు. ఛైర్మన్ ఒక విషయం చెబుతారు, గడియారం మొదలవుతుంది, ఇక తనంతట తానే ఈదాలి.

ఆయన ఈదిన తీరు చెప్పాలంటే ఒక్క అచ్చు దగ్గర ఆగాలి. వ్యాకరణంలో హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, ప్లుతానికి మూడు అని చదువుకున్నాం. విలియమ్స్ అచ్చులు ఆ లెక్కకు లొంగవు. మామూలు మాటనే తీసుకుంటారు. దాన్ని ముక్కులో పుట్టించి, అంగిలి మీదికి ఎక్కించి, అక్కడ కాసేపు తిప్పి, ఉన్నట్టుండి గొంతు అడుగుకు జారవిడుస్తారు. ఒక మాట అయ్యేసరికి రెండు మూడు సెకన్లు గడిచిపోతాయి. ఆగారా అంటే ఆగలేదు, గొంతు మోగుతూనే ఉంది. అన్న మాటే అన్నారా అంటే అనలేదు, మొదటి మాటే ఇంకా పూర్తి కాలేదు. నిబంధన అతిక్రమించకుండా గడియారాన్ని కరిగించే ఉపాయం అది. వినేవారికి మాత్రం ఉపాయంలా ఉండదు, ఆ మాట రుచి ఆయనకు అప్పుడే తెలిసినట్టు ఉంటుంది. వేగం కావాలంటే అదీ ఉంది. తాపీగా సాగుతున్న వాక్యం చివర్లో ఒక్కసారిగా లండన్ వీధి యాసలోకి దూకేవారు. పెద్దమనిషి గొంతులోంచి గల్లీ కుర్రాడు బయటికొచ్చినట్టు ఉండేది.

ఇక బజర్ మోగిందంటే చూడాలి ఆయన కోపం! కేకలు, నిష్ఠూరాలు, అవమానం జరిగిపోయిందన్న గోల. గ్రేట్ పోర్ట్‌లాండ్ స్ట్రీట్ నుంచి ఇంత దూరం వచ్చింది ఇందుకేనా అని వాపోయేవారు. ఆ వీధి బీబీసీ ప్రధాన భవనం పక్కనే ఉంటుంది. ఆ సంగతి తెలిసిన స్టూడియో ప్రేక్షకులు పగలబడి నవ్వేవారు. ఛైర్మన్ నికలస్ పార్సన్స్ ఎంతో మర్యాదస్తుడు. తిట్లన్నీ ఓపిగ్గా భరించి, చిక్కు వచ్చినప్పుడు తీర్పు ప్రేక్షకులకే వదిలేసేవారు, ఒప్పుకుంటే చప్పట్లు, లేకపోతే వెక్కిరింపులు అని. నా దృష్టిలో విలియమ్స్ ఈ కార్యక్రమానికి ఇచ్చిన అసలు కానుక ఇదే. పాయింట్ల ఆటలోకి ఆయన ఒక ఇంటి గొడవను తీసుకొచ్చారు. అలిగే పిల్లాడు, సర్దిచెప్పే పెద్దాయన, పక్కన కూర్చుని ఆజ్యం పోసేవాళ్ళు. వారం వారం జనం ట్యూన్ చేసింది స్కోరు కోసం కాదు, ఆ ఇంట్లో ఇవాళ ఏం జరిగిందో వినడానికి.

ఆ ఇంట్లో మిగతావాళ్ళు కూడా తక్కువవాళ్ళేం కాదు. క్లెమెంట్ ఫ్రాయిడ్ గెలవాలన్న పట్టుదలతో, బరువైన గొంతుతో జాబితాలు చదువుతూ సెకన్లు లాగేసేవారు. డెరెక్ నిమ్మో తన ప్రయాణాల కబుర్లు చెప్పేవారు. పీటర్ జోన్స్ అన్నిటికీ దూరంగా, నీరసంగా ఉన్నట్టే ఉండి, ఒక్క మాటతో అందర్నీ పడగొట్టేవారు. ఈ చల్లని మనుషుల మధ్య విలియమ్స్ మంట. ఆయన ఎగిసిపడితేనే జోన్స్ నెమ్మదికి అందం. ఆయన ఉడుక్కుంటేనే ఫ్రాయిడ్ పట్టుదలకు పదును.

ఒక్కటి మాత్రం నాకు ఇవాళ వింటే కొంచెం చివుక్కుమంటుంది. షీలా హాన్‌కాక్ లాంటి నటీమణులు వచ్చినప్పుడు, ఈ ఆటలోకి ఆడవాళ్ళను రానివ్వకూడదు అని విలియమ్స్ గోల చేసేవారు. అది ఆయన వేసుకున్న వేషంలో భాగమే, ఆమె కూడా దీటుగా తిప్పికొట్టేవారు. అయినా ఆ హాస్యం ఆ కాలంతోనే పాతబడింది. మిగతాది పాతబడలేదు.

ఆ అల్లరి వెనక ఉన్న చదువు సంగతి కూడా చెప్పాలి. విలియమ్స్ 1926లో లండన్‌లో ఒక క్షౌరవృత్తి చేసుకునే తండ్రికి పుట్టారు. పెద్ద చదువులు లేవు. కుర్రతనంలో మ్యాపులు గీసే పని నేర్చుకున్నారు, యుద్ధకాలంలో సైన్యంలో సర్వే విభాగంలో చేరారు, సైనికులకు వినోదం పంచే బృందంతోనే స్టేజీ ఎక్కారు. చరిత్ర, కవిత్వం, మాటల పుట్టుక, ఇవన్నీ సొంతంగా చదివి సంపాదించుకున్నవే. ఎప్పటివాడో ఒక రాజు పేరో, మరుగునపడిన కవి పేరో విషయంగా వస్తే గొంతు మారిపోయేది. గోల తగ్గేది. చక్కగా కూర్చిన వాక్యాలు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. స్టూడియో అంతా నిశ్శబ్దం. ఎవరూ బజర్ నొక్కకుండా అరవై సెకన్లు నిండితే, ఈల తర్వాత వచ్చే చప్పట్లు నవ్వులకు వచ్చేవాటిలా ఉండవు. వాటిలో గౌరవం ఉంటుంది. కాలేజీ మెట్లెక్కని మనిషికి ఆ చప్పట్లు ఎంత తీపిగా ఉండి ఉంటాయో అనుకుంటే నాకు గుండె నిండిపోతుంది.

ఆయన నలభై ఏళ్ళకు పైగా డైరీలు రాశారు. 1993లో అవి పుస్తకంగా వచ్చాయి. అందులో ఒంటరితనం ఉంది, దిగులు ఉంది, తన మీద తనకే అసహనం ఉంది. అవి చదివాక రేడియోలో ఆయన అలకలు విన్నప్పుడు నవ్వుతో పాటు ఇంకేదో కూడా కలుగుతుంది. ఇంటికెళ్ళి తలుపేసుకునే మనిషి, మైకు ముందు నలుగురి మధ్య అంత ధారాళంగా ఖర్చయిపోయారు.

1988 ఏప్రిల్ 15న, 62 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది పాల్ మెర్టన్ అనే యువ హాస్యనటుడు ఆటలో చేరారు. విలియమ్స్‌ను అనుకరించకుండా తన దారిలో తాను ఆడారు, అది మంచి పని. పార్సన్స్ 2019 వరకూ ఛైర్మన్‌గానే ఉన్నారు.

ఎక్కడైనా పాత రికార్డింగు మీ చెవిన పడితే, విలియమ్స్ వంతు వచ్చేదాకా ఆగండి. పార్సన్స్ విషయం చదివి, అరవై సెకన్లు ఇప్పుడే మొదలవుతున్నాయి అంటారు. ఆ వెంటనే వచ్చే మొదటి అచ్చును వినండి.