కూలిన విమానాల మీద బతికిన కంపెనీ: హాబికో కథ

[తెర మీద: కనుచూపు మేర మొక్కజొన్న చేలు, మధ్యలో నిటారుగా ఒక రోడ్డు]

నమస్తే. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో షాంపేన్ అనే ఊరుంది. మనవాళ్లకి ఆ ఊరు తెలిసేది యూనివర్సిటీ వల్లే. అర్బానా-షాంపేన్‌లో ఎంఎస్ చేసినవాళ్లు మీ ఇళ్లలోనో, పక్కింట్లోనో ఉండే ఉంటారు. అడిగితే చలి గురించి చెప్తారు, మొక్కజొన్న చేల గురించి చెప్తారు. ఆ ఊళ్లో ఇంకో విశేషం ఉందని మాత్రం చాలామందికి తెలియదు.

రిమోట్ కంట్రోల్ విమానాలు, కార్లు, పడవల వ్యాపారంలో అమెరికాలోనే పెద్దవైన రెండు కంపెనీలు అక్కడే ఉండేవి. ఒకటి హొరైజన్ హాబీ, రెండోది హాబికో. ఒకే ఊళ్లో ఉంటూ ఒకే సరుకు మీద పోటీ. 2018 జనవరి 10న హాబికో దివాలా పిటిషన్ వేసింది. ఆ ఏడాదే దాని రిమోట్ కంట్రోల్ వ్యాపారాన్ని వేలంలో పాడుకున్నది ఎవరనుకున్నారు? ఊళ్లోని పోటీదారు, హొరైజనే.

"చైనా సరుకు వచ్చింది, అమెరికా కంపెనీ మునిగింది" అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. అది అబద్ధం కాదు గానీ, అసలు సంగతి అది కాదని నా అనుమానం. ఈ కంపెనీకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చేదో ముందు చూద్దాం.

[తెర మీద: బల్ల మీద పరిచిన పెద్ద ప్లాన్ కాగితం, సన్నటి చెక్క పుల్లలు]

హాబికో బ్రాండ్లలో గ్రేట్ ప్లేన్స్ ఒకటి. ఆ పేరుతో పీటీ-40 అనే విమానం అమ్మేవాళ్లు. నేర్చుకునేవాళ్ల కోసం చేసింది. పెట్టె తెరిస్తే విమానం కనపడదు, చెక్క కనపడుతుంది. బాల్సా అనే చెక్క. చేతిలోకి తీసుకుంటే అసలు బరువే తెలియదు. గోరుతో నొక్కితే గుంట పడుతుంది.

ప్లాన్ కాగితాన్ని బల్ల మీద పరిచి, దాని మీద మైనం కాగితం వేసి, పుల్లల్ని గుండుసూదులతో గుచ్చి జిగురు పెట్టుకుంటూ పోవాలి. రెక్క అస్థిపంజరం తయారయ్యాక దానికి మోనోకోట్ అనే రంగు ఫిల్మ్ తొడగాలి. ఇదీ హాబికో సరుకే. చిన్న ఇస్త్రీపెట్టెతో అంచులు అంటించి, తర్వాత మధ్యలో వేడి తగిలిస్తారు. అప్పటిదాకా ముడతలు ముడతలుగా ఉన్న ఫిల్మ్ చూస్తుండగానే ముడుచుకుని డోలు చర్మంలా బిగుసుకుపోతుంది. ఆ ఒక్క క్షణం కోసమే ఈ హాబీలో ఉన్నామని చెప్పేవాళ్లున్నారు. వీడియోలో చూసిన నాకే మతి పోయింది.

వారాల తరబడి ఇలా కడతారు. ఆ తర్వాత ఒక ఆదివారం మైదానానికి తీసుకెళ్లి ఎగరేస్తారు. అది కూలిపోతుంది.

నవ్వకండి, నిజంగానే కూలిపోతుంది. కొత్తవాళ్లకి అందరికీ ఒక చోట దెబ్బ తగులుతుంది. విమానం మనకి దూరంగా వెళ్తున్నంతసేపూ కుడి అంటే కుడే. అది తిరిగి మన వైపు వస్తుంటే మన కుడి దానికి ఎడమ అవుతుంది. బుర్రకి ఇది అర్థమయ్యేలోపు విమానం నేల మీద ఉంటుంది. అందుకే గురువు రిమోట్‌కీ శిష్యుడి రిమోట్‌కీ మధ్య ఒక తీగ కలిపేవాళ్లు. శిష్యుడు తడబడితే గురువు స్విచ్ వదిలి తన చేతిలోకి తీసుకుంటాడు. డ్రైవింగ్ స్కూల్ కారులో రెండో బ్రేకు ఉంటుంది చూడండి, అలాగన్నమాట.

రేడియో వల్ల కూడా కూలేవి. అప్పట్లో అమెరికాలో మోడల్ విమానాలకి 72 మెగాహెర్ట్జ్ బ్యాండు, నేల మీద తిరిగే కార్లకి, ట్యాంకులకి 75 ఇచ్చారు. ఆ బ్యాండుని చానెళ్లుగా విడగొట్టారు. మైదానంలో ఒక చెక్క బోర్డు ఉండేది, దాని మీద చానెల్ నంబర్లు రాసిన బట్టల క్లిప్పులు. మీ నంబరు క్లిప్పు మీ దగ్గరుంటేనే మీరు రిమోట్ ఆన్ చేయాలి. ఎవరైనా క్లిప్పు తీసుకోకుండా అదే చానెల్ మీద ఆన్ చేశారా, పైన ఉన్నవాడి విమానం గోవిందా. ట్యాంకుకి సిగ్నల్ పోతే మహా అయితే వెళ్లి గోడకి గుద్దుకుంటుంది. విమానానికి ఆ సౌకర్యం లేదు కదా.

[తెర మీద: లావుపాటి కేటలాగు, పేజీలు తిరుగుతూ]

విమానం కూలినవాడు సోమవారం ఏం చేస్తాడు? ఫోన్ తీసి టవర్ హాబీస్‌కి ఆర్డర్ ఇస్తాడు. 1971లో మొదలైన మెయిల్ ఆర్డర్ దుకాణం అది. తర్వాత హాబికో గొడుగు కిందికి వచ్చింది. ప్రొపెల్లరు, చక్రాలు, బాల్సా, జిగురు, ఫిల్మ్, ఇంజిన్‌లో మంట అంటించే గ్లో ప్లగ్గు, ఇంజిన్‌కి మిథనాల్ కలిపిన ఇంధనం, అన్నీ అక్కడే. రిమోట్లు జపాన్ కంపెనీ ఫుటాబావి, ఇంజిన్లు ఓ.ఎస్. వాళ్లవి. అమెరికాలో ఈ రెంటికీ పంపిణీదారు హాబికోనే.

నా వాదన ఇక్కడుంది. విమానాన్ని ఒక్కసారే అమ్ముతారు. అది కూలిన ప్రతిసారీ మాత్రం మళ్లీ ఏదో ఒకటి అమ్ముతారు. పెన్ను కంటే రీఫిల్లు, ప్రింటర్ కంటే ఇంకు అన్నట్టు, విమానం కంటే దాని మరమ్మతే అసలు వ్యాపారం. కొన్నవాడికి చేతకాకపోవడమే కంపెనీకి ఆదాయం. ఆ పని నేర్చుకోవడం ఏళ్లు పట్టేదే కాబట్టి ఆదాయం కూడా ఏళ్ల తరబడి వచ్చేది.

ఇక విమానాలు కూలడం ఎలా తగ్గిందో చూద్దాం.

2005 ప్రాంతంలో స్పెక్ట్రమ్ అనే బ్రాండు 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ తెచ్చింది. రిమోటూ రిసీవరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టి మాట్లాడుకుంటాయి కాబట్టి పక్కవాడి సిగ్నల్ అడ్డు రాదు. మెల్లగా క్లిప్పుల బోర్డుతో పని లేకుండా పోయింది. స్పెక్ట్రమ్ ఎవరిది? ఊళ్లోని పోటీదారు హొరైజన్‌ది.

ఆ తర్వాత లిథియం పాలిమర్ బ్యాటరీ, దానితో నడిచే బ్రష్‌లెస్ మోటారు చవకయ్యాయి. దాంతో గ్లో ఇంజినూ, దాని ఇంధనమూ, ప్లగ్గూ, స్టార్టరూ, నూనె తుడుచుకునే గుడ్డతో సహా ఒక షాపు అల్మరా మొత్తం పాతబడిపోయింది. బాల్సా స్థానంలో ఫోమ్ వచ్చింది. హాంకాంగ్ నుంచి హాబీకింగ్ లాంటివాళ్లు నేరుగా ఇంటికే పార్సిల్ పంపడం మొదలుపెట్టారు.

[తెర మీద: సెల్లోటేపు చుట్టిన ఫోమ్ విమానం]

ఇదిగో, ఇది మా తమ్ముడిది. ఆన్‌లైన్‌లో కొన్నాడు. మొదటి రోజే పక్కవాళ్ల డాబా మీది నీళ్ల ట్యాంకుకి కొట్టాడు, రెక్క రెండు ముక్కలైంది. సెల్లోటేపు చుట్టి సాయంత్రానికి మళ్లీ ఎగరేశాడు. వాడికైన ఖర్చు టేపు చుట్ట డబ్బులు. బాల్సా రెక్క విరిగి ఉంటే అదే ఒక చిన్న ఆర్డర్ అయ్యేది.

2013 జనవరిలో షెన్‌జెన్‌కి చెందిన డీజేఐ కంపెనీ ఫాంటమ్ డ్రోన్ విడుదల చేసింది. జీపీఎస్ ఉంది. రెండు చేతులూ వదిలేసినా గాలిలో కదలకుండా నిలబడుతుంది. తీగ కలిపే గురువు అక్కర్లేదు, గుండుసూదులు అక్కర్లేదు. పెట్టె తెరిచి, చార్జింగ్ పెట్టి, ఎగరేసి, పెళ్లి వీడియో తీసుకోవడమే. హాబికో కూడా డ్రోమిడా లాంటి పేర్లతో చిన్న చిన్న డ్రోన్లు అమ్మింది. డ్రోన్లు అమ్ముడుపోవడం ఒకటి, డ్రోన్ కొన్నవాడు మళ్లీ మళ్లీ దుకాణానికి రావడం ఇంకొకటి. కెమెరా కొన్నవాడికి బాల్సా ఎందుకు?

మధ్యలో ప్రభుత్వం కూడా వచ్చింది. ఎగిరేవన్నీ, 250 గ్రాములు దాటితే, యజమాని పేరు నమోదు చేయించుకోవాలని అమెరికా విమానయాన సంస్థ 2015 డిసెంబరు 21 నుంచి రూలు పెట్టింది. ఫీజు 5 డాలర్లే. ముప్పై ఏళ్లుగా పొలంలో బాల్సా విమానం ఎగరేసుకుంటున్న తాతగారు కూడా డ్రోన్ల లెక్కలోకే వచ్చేశాడు. 2017లో కోర్టు ఆ రూలు కొట్టేసింది, అదే ఏడాది చివర్లో చట్టం చేసి మళ్లీ తెచ్చారు. అమ్మేవాడికి టెన్షన్, కొనేవాడికి అయోమయం.

ఇదంతా జరుగుతుంటే హాబికో వరసగా కంపెనీలు కొంటూ పోయింది. 2007లో ప్లాస్టిక్ కిట్ల కంపెనీ రెవెల్-మోనోగ్రామ్, 2010లో మోడల్ రాకెట్ల ఎస్టెస్, 2012లో జర్మనీలోని రెవెల్. ట్యాంకులు, ఓడలు, యుద్ధ విమానాలు జిగురుతో అతికించుకునే ఆ కిట్లు గొప్పవే, కాదనను. కానీ చేత్తో కట్టుకునేవాళ్లు తగ్గుతున్నారని తెలిశాక, చేత్తో కట్టుకునే సరుకే ఇంకా కొనడం ఏం లెక్కో నాకు అర్థం కాదు.

[తెర మీద: ఒక కుండ, దాని మీద "షేర్లు" అని చీటీ]

అన్నిటికంటే బాధ కలిగించే భాగం ఇది, కాస్త ఆగి చెప్పుకుందాం. హాబికో యజమానులు దాని ఉద్యోగులే. ఈసాప్ అంటారు. కంపెనీ షేర్లు ఒక ట్రస్టులో ఉంటాయి, ఒక్కో ఉద్యోగి ఖాతాలో ఏటా కొన్ని చేరతాయి. రిటైరయ్యాక కంపెనీ ఆ షేర్లు తిరిగి కొనుక్కుని డబ్బులిస్తుంది. మన పీఎఫ్ లాంటిదే అనిపిస్తుంది గానీ పెద్ద తేడా ఉంది. పీఎఫ్ డబ్బు ఎక్కడో విడిగా ఉంటుంది. ఇది మనం పనిచేసే కంపెనీలోనే ఉంటుంది. కంపెనీ బాగుంటే జీతమూ బాగు, దాచుకున్నదీ బాగు. పోతే రెండూ ఒకే రోజు పోతాయి.

అమెరికా చట్టంలో చిన్న వెసులుబాటు ఉంది. 55 ఏళ్లు నిండి, పథకంలో పదేళ్లున్నవాళ్లు కొంత భాగం బయటికి మార్చుకోవచ్చు. నలభై ఏళ్ల గోడౌన్ ఉద్యోగికి అదీ లేదు. మామూలు పెన్షన్లకి అక్కడ ప్రభుత్వ బీమా ఉంటుంది, ఈసాప్‌కి అది వర్తించదు. దివాలాలో చెల్లింపుల వరస కూడా తెలుసు కదా: ముందు తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు, తర్వాత మిగతా అప్పులవాళ్లు, ఏమైనా మిగిలితే చిట్టచివర షేర్లున్నవాళ్లు. ఆ చివర నిలబడింది పెట్టెలు ప్యాక్ చేసినవాళ్లూ, ఫోన్లో ఆర్డర్లు రాసుకున్నవాళ్లూ.

వేలంలో రెవెల్‌ని మ్యూనిక్‌కి చెందిన క్వాంటమ్ క్యాపిటల్ పార్ట్‌నర్స్ 39 లక్షల డాలర్లకి కొన్నది. రెవెల్ పేరుకి ప్రపంచంలో ఉన్న విలువతో చూస్తే చిల్లర డబ్బులు. ఎస్టెస్‌ని లాంగ్‌ఫర్డ్ కుటుంబం తీసుకుంది. ఆ ఇంటిపెద్ద అరోరా ఫ్లైట్ సైన్సెస్ అనే విమానాల కంపెనీ పెట్టిన ఇంజినీరు, కుర్రతనం నుంచీ మోడల్ రాకెట్ల పిచ్చి. బ్రాండ్లన్నిట్లో దానికే సరైన సంబంధం కుదిరిందని నేననుకుంటాను.

టవర్ హాబీస్ పేరు హొరైజన్ దగ్గర ఇంకా నడుస్తోంది. అదే పేరు మీద ఆర్డర్ ఇవ్వొచ్చు, షాంపేన్ ఊరి కంపెనీయే పంపుతుంది. మరి అటక మీద పాత పీటీ-40 ఉండి, దాని రెక్క విరిగితే? కొత్త రెక్క పార్సిల్లో వచ్చే రోజులు పోయాయి. పెట్టెతో వచ్చిన ఆ ప్లాన్ కాగితం దాచుకుని ఉంటే, బల్ల మీద పరుచుకుని, మైనం కాగితం వేసి, గుండుసూదులు తీసుకోవాలి.