రెండు మెమోలు, ఒక నోటు పుస్తకం

(గ్రామ సచివాలయ ఉద్యోగుల శిక్షణ ముగింపు రోజున, మండల పరిషత్ సమావేశ మందిరంలో ఒక విశ్రాంత ఎంపీడీవో (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గానీ, ఒక్క పేరు మర్చిపోయినా పదేళ్లు గుర్తుపెట్టుకుంటారు. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం. శాలువా ముందే కప్పేశారు కాబట్టి, ఇక నేనేం మాట్లాడినా వెనక్కి లాక్కునే వీల్లేదు.

నాకిచ్చిన అంశం ‘ద్వంద్వ అజమాయిషీలో సమర్థ నాయకత్వం’. మామూలు మాటల్లో ఇద్దరు బాసుల కింద ఉద్యోగం. మీ అందరిదీ అదే బతుకు. అగ్రికల్చర్ అసిస్టెంటు వ్యవసాయాధికారి ఏవోగారికి, ఊరి నర్సు ఏఎన్ఎం పీహెచ్‌సీ డాక్టరుగారికి, సర్వేయరు తహశీల్దారుగారికి, ఎనర్జీ అసిస్టెంటు కరెంటాఫీసు ఏఈగారికి జవాబు చెప్పాలి. కూర్చునేది మాత్రం అందరూ ఒకే సచివాలయంలో. కుర్రాడు స్తంభం మీదుండగా ‘హాజరు వెయ్యలేదేం’ అని ఇటునుంచి ఫోను. హాజరు వెయ్యడానికి దిగొస్తే ‘కరెంటు ఇంకా ఇవ్వలేదేం’ అని అటునుంచి ఫోను. నవ్వుతున్నారంటే జరిగిందన్నమాటే.

ఇది మీతోనే మొదలైందనుకోకండి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం పెట్టారు. కొన్ని ఊళ్లు కలిపిన బ్లాకుకి అభివృద్ధి అధికారిగా బీడీవో, ఆయన కింద వ్యవసాయానికీ పశువులకీ సహకారానికీ విస్తరణాధికారులు, ఊళ్లో గ్రామసేవక్. పాలన బీడీవోది, సాంకేతికం శాఖది. ఈ రెండు గీతలూ అప్పుడే గీశారు. 1959 అక్టోబరు 2న నెహ్రూగారు నాగౌర్‌లో పంచాయతీరాజ్ ప్రారంభించారు, అదే నెలలో మన షాద్‌నగర్‌లోనూ. దాంతో బ్లాకు స్థాయి పంచాయతీ సమితి అధ్యక్షుడుగారు మూడో బాసు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు. గాంధీ జయంతి నాడు ఏది ప్రారంభించినా మనకో బాసు పెరుగుతాడు. మహాత్ముడి తప్పేం లేదులెండి.

సరే, నాయకత్వం గురించి మూడు సూత్రాలు రాసుకొచ్చాను. అవి తర్వాత. ముందొక సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికే వచ్చాననుకోండి.

1977లో నేను దివిసీమలో గ్రామసేవక్‌ని. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. నవంబరు 19, శనివారం. ఆ ఉప్పెన సంగతి వర్ణించడానికి నాకిప్పటికీ నోరు రాదు. ప్రభుత్వ లెక్కలోనే పదివేల దాకా పోయారు. నీళ్లు కాస్త తీశాక నా పైవాళ్లిద్దరూ వచ్చారు, వేర్వేరు జీపుల్లో. బీడీవోగారు, “ఊరూరా మనుషుల లెక్క రాయి. ఉన్నదెవరు, లేనిదెవరు. గంజి కేంద్రం వదిలి కదలొద్దు” అన్నారు. వ్యవసాయం ఆఫీసరుగారు, “ఉప్పునీళ్లు నిలిచిన పొలాలు సర్వే నంబర్ల వారీగా రాయి. రేపటికల్లా జిల్లాకి రిపోర్టు పోవాలి” అన్నారు. ఇద్దరిదీ న్యాయమే. గంజి పొయ్యకపోతే మిగిలినవాళ్లు కూడా మిగలరు. ఎకరాలు రాయకపోతే సాయం రాదు.

నా దగ్గరున్నది ఒకటే నోటు పుస్తకం. తడికి ఉబ్బిపోయింది. కాపీయింగ్ పెన్సిలుతో రాస్తుంటే ఆ చెమ్మకి అక్షరం ఊదారంగు తిరిగేది. ముందు నుంచి మనుషుల్ని రాశాను, వెనక నుంచి ఎకరాల్ని రాశాను. రెండోనాటి సాయంత్రం కూర్చుని తిరగేస్తే, వెనక వైపు రెండెకరాల రైతుగా రాసిన పేరు ముందు వైపు లేనివాళ్లలో ఉంది. భార్య పేరూ అక్కడే. కొడుకొక్కడు ఏలూరులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాట్ట. సాయం తండ్రి పేరున రాస్తే తీసుకునే మనిషి లేడు. కొట్టేస్తే ఆ పిల్లాడి నోట్లో మట్టి. ఇలాంటివి ఇంకో తొమ్మిది తేలాయి. ముందు పేజీలు ఒకాయన చేతికి పోతాయి, వెనక పేజీలు ఇంకొకాయన చేతికి పోతాయి. పుస్తకం మొత్తం చూసినవాణ్ని ఆ రోజు నేనొక్కణ్నే. వయసు ఇరవై మూడు.

చెప్పడానికి వెళ్లాను. “అది వ్యవసాయం వాళ్ల సంగతోయ్” అన్నారు బీడీవోగారు. “అది సమితి చూసుకోవాలి” అన్నారు రెండో ఆయన. పది పేర్లూ విడిగా రాసి ఇద్దరికీ చెరో కాపీ ఇచ్చాను. వారం తర్వాత రెండు మెమోలు వచ్చాయి. ఒకటి గంజి కేంద్రంలో లేనందుకు, ఒకటి పట్టిక ఆలస్యమైనందుకు. రెండింటి మీదా ఒకటే తేదీ. నేను కేంద్రంలో లేని ఆ పూట ఆ పట్టికే రాస్తున్నాను బాబూ! ఆ పదిమంది ఏమయ్యారో తెలిసేలోగా నన్ను వేరే చోటికి బదిలీ చేశారు.

చీటీ పంపారు, భోజనాలు చల్లారిపోతున్నాయని. సాంబారు మళ్లీ వేడి చెయ్యొచ్చు. కూర్చోండి.

ఒకే బాసుంటే సరిపోతుందిగా అంటారు. అదీ చూశాం. ప్రపంచ బ్యాంకు తరఫున డేనియల్ బెనార్ అనే ఇజ్రాయెల్ నిపుణుడు ‘శిక్షణ–సందర్శన’ పద్ధతి పట్టుకొచ్చారు. ఊళ్లో తిరిగే విస్తరణ కార్యకర్త వ్యవసాయ శాఖకి తప్ప ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఇంకో పని అప్పగించకూడదు. పక్షానికోసారి ఫలానా రోజున ఫలానా రైతు దగ్గరికి వెళ్లి తీరాలి. ఆ మేరకు బాగుంది. కానీ రైతుకి పంట ఒక్కటేనా? గొడ్డుకి జబ్బు చేసిందంటే ‘అది మా శాఖ కాదండీ’. బ్యాంకు అప్పంటే ‘అదీ కాదండీ’. అందుకని రెండు గీతలు ఉండక తప్పదు. ఉన్నచోట తగువూ తప్పదు. సచివాలయంలో పెత్తనం ఎవరిదన్న పేచీ 2021లో జీవో 2 అనే ప్రభుత్వ ఉత్తర్వు మీద హైకోర్టు దాకా పోలేదూ? నా ఏడుపు గీతల మీద కాదు. అవి కలిసేచోట ఇద్దరు పెద్దలు కూర్చోవాల్సింది పోయి, అక్కడొక చిన్న ఉద్యోగిని నిలబెడుతున్నారు.

వెనక ఫోను చూస్తున్న బాబూ, ఈ ఒక్కటీ విను. ఇద్దరికీ విడివిడిగా ‘సరేనండి’ అనొద్దు. ఆ రెండు సరేనండీలే రేపు రెండు మెమోలవుతాయి. ఇద్దరూ ఉన్న గ్రూపులో ఒకే మెసేజీ పెట్టు: ‘ఇటు రమ్మన్నారు, అటు ఈ పనుంది, ఏది ముందు చెయ్యమంటారు?’ పొగరంటారు. అననీ.

ఇంతా చెబుతున్న నేనేం చేశానో కూడా చెప్పాలి. ఎంపీడీవోనయ్యాను. జన్మభూమి రోజులు. గ్రామసభకి రాలేదని ఒక ఏఎన్ఎంకి మెమో ఇచ్చాను. శనివారం పొద్దున్నే సంజాయిషీ పట్టుకుని వచ్చింది. భుజాన టీకాల డబ్బా. కూర్చోమ్మా అంటే కూర్చోలేదు, ఐసు కరిగిపోతుందంది. కాగితం తియ్యడానికి డబ్బా నా బల్ల మీద పెట్టింది. సంజాయిషీలో ఒకటే వాక్యం: ‘ఆ రోజు బుధవారమండి.’ బుధవారం, శనివారం టీకాలని మండలంలో పసిపిల్లల తల్లులందరికీ తెలుసు, మండలాధికారికి తెలీలేదు. ఆవిడ వెళ్లాక చూస్తే డబ్బా పెట్టినచోట నలుచదరంగా తడి మరక. మెమో వెనక్కి తీసుకున్నానా? లేదు. ఫైల్లో పెట్టి ఊరుకున్నాను. ఆఫీసరు మాట వెనక్కి పోకూడదన్న పౌరుషం. దివిసీమలో నేను తిన్నదే ఆవిడకి వడ్డించాను.

ఆ మూడు సూత్రాల కాగితం ఎక్కడో పడిపోయింది, పోనివ్వండి. ఎంపీడీవోగారూ, వచ్చే బుధవారం పదింటికి సచివాలయ సిబ్బందంతా సమీక్షకి రావాలని పొద్దున ఇదే మైకులో మీరు చెప్పారు. డాక్టరుగారూ, ఆ రోజు పదింటికి మీ ఏఎన్ఎంలు ఎక్కడుండాలి? అదీ. డైరీలు తియ్యండి ఇద్దరూ. ఇదిగో, నా పెన్ను తీసుకోండి. సమీక్ష ఏ రోజుకి మారుస్తారో మైకులోనే చెప్పండి, పిల్లలు రాసుకుంటారు. అప్పుడు లేద్దాం భోజనాలకి.