షెరిల్ పుట్టినరోజు: ఆగస్టు 17 అన్నవాళ్లు ఎక్కడ జారారు?

యాంకర్: మాస్టారూ, 2015 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్‌ని ఊపేసిన సింగపూర్ లెక్క ఇవాళ తేల్చేద్దాం. ఐదో తరగతి పిల్లలకిచ్చారట కదా?

మాస్టారు: కాదమ్మా, అలా ప్రచారమైంది. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లల ఒలింపియాడ్ ప్రశ్న అది. ముందు కాగితం మీద నెలకో వరస వెయ్యి. మే 15, 16, 19. జూన్ 17, 18. జులై 14, 16. ఆగస్టు 14, 15, 17. ఈ పదింట్లో ఒకటి షెరిల్ పుట్టినరోజు, అదేదో కనిపెట్టాలి. షెరిల్ తన స్నేహితుల్లో ఆల్బర్ట్ చెవిలో నెల మాత్రమే, బెర్నార్డ్ చెవిలో తేదీ మాత్రమే చెప్పింది.

యాంకర్: ఆల్బర్ట్ అంటాడు, "నాకు తెలీదు, బెర్నార్డ్‌కీ తెలీదని నాకు తెలుసు" అని.

మాస్టారు: జారేది ఇక్కడే. 18, 19 ఒక్కోసారే ఉన్నాయి. అవే అయితే బెర్నార్డ్‌కి వెంటనే తెలిసిపోయేది. అందుకని చాలామంది ఆ రెండు తేదీలే కొట్టేస్తారు.

యాంకర్: కొట్టేయాలిగా మరి?

మాస్టారు: అంతటితో ఆగకూడదు. బెర్నార్డ్ ఇంకా నోరే విప్పలేదు. ఆల్బర్ట్ దగ్గరున్నది నెల ఒక్కటే. మే అయితే 19 కావచ్చు, జూన్ అయితే 18 కావచ్చు. అప్పుడంత ధీమాగా అనగలడా? అనలేడు. మే, జూన్ వరసలు మొత్తం పోతాయి.

యాంకర్: రెండు తేదీలే కొట్టేస్తే?

మాస్టారు: జూన్‌లో 17 ఒక్కటే మిగులుతుంది. అదే అయితే ఆల్బర్ట్‌కి తెలిసేదిగా అని దాన్నీ తీసేస్తారు. ఇక 17 ఆగస్టులోనే ఉంటుంది కాబట్టి ఆగస్టు 17 అంటారు. తనకి తెలీదని బెర్నార్డే ముందు చెప్పుంటే ఆ జవాబు సరిపోయేది. చెప్పలేదుగా!

యాంకర్: సరే, మనకి ఐదు మిగిలాయి.

మాస్టారు: "ముందు తెలీదు, ఇప్పుడు తెలిసింది" అంటాడు బెర్నార్డ్. 14 జులైలోనూ ఉంది, ఆగస్టులోనూ ఉంది, కాబట్టి అది కాదు. తర్వాత ఆల్బర్ట్ "అయితే నాకూ తెలిసింది" అంటాడు. ఆగస్టు అయితే 15, 17 రెండూ ఉంటాయి, తేలదు.

యాంకర్: జులై 16!

మాస్టారు: సరిచూడ్డం మాత్రం మానొద్దు. జవాబు పెట్టి సంభాషణంతా మళ్లీ నడపాలి. ఆగస్టు 17 పెట్టి చూడు: మొదటి రెండు మాటలూ సాఫీగా పోతాయి. మూడోదాని దగ్గర ఆల్బర్ట్ పదిహేనా, పదిహేడా అని తల గోక్కుంటూ ఉండిపోతాడు.