రంగుల తోడేళ్ళు: బీబీసీ డైనాస్టీస్ ఎపిసోడ్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఈరోజు మాట్లాడుకునేది 2018లో బీబీసీలో వచ్చిన డైనాస్టీస్ అనే జంతువుల డాక్యుమెంటరీ సిరీస్ గురించి. అందులో 'పెయింటెడ్ వుల్ఫ్' (రంగుల తోడేలు) అనే ఎపిసోడ్ ఉంది, ఆ పేరుతోనూ పిలిచే ఆఫ్రికా అడవి కుక్కల కథ. నేను మూడుసార్లు చూశాను.

ముందు కుక్కను సరిగ్గా చూడండి. చేటల్లాంటి గుండ్రటి చెవులు. ఒంటి నిండా నలుపు, పసుపు, తెలుపు మచ్చలు, రంగు డబ్బాలు మీద ఒలకబోసినట్టు. ఒకదాని మచ్చలు ఇంకోదానికి రావు. పరిశోధకులు వాటిని బట్టే ఏది ఏదో గుర్తుపడతారు. మన ఊరకుక్కకు ముందుకాలి మీద పైన ఐదో గోరు ఉంటుంది కదా, వీటికి అది ఉండదు.

కథ జరిగేది జింబాబ్వేలో, జాంబెజీ నది ఒడ్డున ఉన్న మానా పూల్స్ నేషనల్ పార్కులో. టేట్ అనే పెద్ద వయసు తల్లి, దాని కూతురు బ్లాక్‌టిప్. కూతురి గుంపు పెరిగిపోయి, చోటు చాలక తల్లి ఇలాకా మీద పడుతుంది. తల్లి తన గుంపుతో సింహాల అడ్డాలోకి పోవాల్సి వస్తుంది. అక్కడి నుంచి ప్రతి సీనూ టెన్షనే. చివర్లో ఏమవుతుందో చెప్పను. డేవిడ్ అటెన్‌బరో గొంతు, కెమెరా పనితనం, రెండూ అద్భుతం.

నాకు వెలితిగా అనిపించింది ఒకటే. కథంతా తల్లీకూతుళ్ళ పోరు చుట్టూ తిప్పారు. వీటి బతుకులో పోరుకన్నా పొత్తు చాలా ఎక్కువ. వేట పడ్డాక ముందు తినేది పెద్దవి కాదు, ఆ ఏడాది పిల్లలు. పెద్దవి పక్కన నిలబడి కాపలా కాస్తాయి. బొరియ దగ్గర ఉండిపోయిన పిల్లలకు, వాటికి కాపలా ఉన్న కుక్కకు, తిన్న మాంసం కడుపులో మోసుకొచ్చి కక్కి పెడతాయి. పిల్ల వచ్చి మూతి నాకితే చాలు, పెట్టేస్తాయి. గాయపడి వేటకు రాలేని దానికీ అలాగే తిండి దొరుకుతుంది. సాధారణంగా గుంపులో పిల్లల్ని కనేది ఒక్క జంటే. సాకేది మాత్రం అందరూ.

ఇంకో ముచ్చట. బోట్స్వానాలో చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో తేలిందేమిటంటే, వేటకు బయల్దేరాలా వద్దా అన్నది తుమ్ములతో తేలుతుంది! ఎన్ని ఎక్కువ తుమ్ములు పడితే కదిలే అవకాశం అంత ఎక్కువ. గుంపులో పెత్తనం చేసే జంట లేచి మొదలుపెడితే మూడు తుమ్ములు చాలు. కింది స్థాయివి మొదలుపెడితే పది దాకా కావాలి. తుమ్మితే మనం ఆగుతాం, అవి బయల్దేరతాయి.

వేటను బతికుండగానే చీల్చి తింటాయని వీటిని క్రూరమైనవన్నారు, దశాబ్దాల పాటు కాల్చి చంపారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2012 అంచనాలో మిగిలినవి దాదాపు 6,600. ఉచ్చులు, రోడ్లు, ఊరకుక్కల నుంచి అంటుకునే రేబిస్, డిస్టెంపర్ రోగాలు వీటిని తినేస్తున్నాయి.

మన నల్లమలలోనూ వీటికి దూరపు చుట్టం ఉంది, రేచుకుక్క. అదీ గుంపుగానే వేటాడుతుంది. ఆఫ్రికా కుక్క దారి తప్పితే 'హూ... హూ...' అని గుడ్లగూబలా పిలుస్తుంది. మన రేచుకుక్క ఈల వేస్తుంది.