ఫేడర్ దించినా కోరస్ పోలేదు

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముందు ఇది వినండి. 8 గొంతుల కోరస్. ఆ గొంతుల ట్రాక్‌లన్నీ కలిసే దారి పేరు కోరస్ బస్. ఇప్పుడు దాని ఫేడర్‌ని, అంటే వాల్యూమ్ మీటని, అడుగుదాకా దించేస్తున్నా... ఇంకా వినిపిస్తోంది కదా? బావిలోంచి ఎవరో పాడుతున్నట్టు.

ఒక భజన పాట మిక్స్‌లో ఇదే నా పరువు తీసింది. "చరణంలో కోరస్ కాస్త తగ్గించు బాబూ" అన్నారు పాట చేయించుకున్న పెద్దాయన. బస్ ఫేడర్ 6 డీబీ (డెసిబెల్స్) తగ్గించి పంపాను. వెంటనే ఫోన్: "తగ్గించమంటే వాళ్లను గుడి బయట నిలబెట్టావేంటయ్యా?" నాకంటే ఆయన చెవే నయం.

జరిగింది ఇదీ. 8 ట్రాక్‌లూ బస్‌లోకి వెళ్తున్నాయి. రివర్బ్‌కి, అంటే గుడిలో మోగినట్టు ప్రతిధ్వని ఇచ్చే ఎఫెక్ట్‌కి, మాత్రం ఒక్కో ట్రాక్ నుంచి సెండ్ (శబ్దం కాపీ) నేరుగా వెళ్తోంది. పోస్ట్ ఫేడర్ సెండే, అంటే ఫేడర్ దాటాక తీసుకునేదే, కాదనను. కానీ అది తన ట్రాక్ ఫేడర్ మాటే వింటుంది, బస్ ఫేడర్‌తో దానికి పని లేదు. అందుకే గొంతులు తగ్గాయి, రివర్బ్ ఉన్నచోటే ఉంది. నేను వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌లో బస్‌కి బదులు ఫోల్డర్ ట్రాక్ (మిగతా ట్రాక్‌లను తనలో పెట్టుకునే ట్రాక్) పెట్టినా ఇదే కథ.

దీనికి మందు వీసీఏ. వోల్టేజ్ కంట్రోల్డ్ యాంప్లిఫయర్ అని పాత అనలాగ్ కన్సోల్స్ నుంచి వచ్చిన పేరు. ఈ ఫేడర్‌లోంచి ఆడియో పోదు, ఇది ఉత్త రిమోట్. రీపర్‌లో 2015లో, 5వ వెర్షన్‌తో వచ్చింది. ఖాళీ ట్రాక్ ఒకటి పెట్టుకోండి. షిఫ్ట్ జీ నొక్కితే గ్రూపింగ్ విండో వస్తుంది. ఖాళీ ట్రాక్‌కి వీసీఏ లీడ్, కోరస్ ట్రాక్‌లకి వీసీఏ ఫాలో టిక్ పెట్టండి, గ్రూప్ నంబర్ ఒకటే ఉండాలి. మైనస్ 8లో ఉన్న ట్రాక్, వీసీఏని మైనస్ 6కి దించగానే మైనస్ 14లో ఉన్నట్టు లెక్క. సెండ్ కూడా దాంతోపాటే దిగుతుంది.

ఫేడర్లను ఒకదానికొకటి లింక్ చేసే పద్ధతీ ఉంది. గ్రూప్ ఆన్‌లో ఉందని మర్చిపోయి ఒక్కటి కదిపితే అన్నీ కదులుతాయి. నాకు ఆ టెన్షన్ వద్దు.

అయితే వీసీఏకీ ఒక మెలిక ఉంది. బస్ మీద కంప్రెసర్, అంటే ఒక హద్దు దాటిన శబ్దాన్ని నొక్కే ఎఫెక్ట్, ఉందనుకోండి. బస్ ఫేడర్ కంప్రెసర్ తర్వాత ఉంటుంది, వీసీఏ దెబ్బ కంప్రెసర్‌కి ముందే పడుతుంది. ఈ డప్పుల బస్ మీటర్ చూడండి, 4 డీబీ నొక్కుతోంది. వీసీఏ దించుతున్నా... సూది కదలడం మానేసింది. ఆ గట్టి దెబ్బ కాస్తా మెత్తబడిపోయింది.

అందుకే కోరస్‌కి వీసీఏ వాడతాను, డప్పులకి వాడను. డప్పులకి ఫోల్డర్‌లో ఫోల్డర్. లోపలి దాంట్లో డప్పులు, దాని మీదే కంప్రెసర్. బయటి దాంట్లో ఆ ఫోల్డరూ, డప్పుల రివర్బ్ ట్రాకూ పక్కపక్కన. ఇప్పుడు బయటి ఫేడర్ దించుతున్నా, చెవి పెట్టండి...

చూశారా, చప్పుడే లేదు.