మేం ఐరిష్ వాళ్ళమనే కదా!

అందరికీ నమస్కారం. ఇక్కడ ఐర్లండ్‌లో మార్చి 17, అంటే సెయింట్ పాట్రిక్ పండగ, దగ్గరికొచ్చేసింది. పిల్లలకి ఆకుపచ్చ టీషర్టులు ఈపాటికే కొనేసి ఉంటారు, స్కూల్ వాళ్ళు ఎలాగూ వదలరు. ఈ హడావిడంతా ఎవరి పేరు మీదో ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ హాల్లో చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, గుడికి వెళ్ళేవాళ్ళున్నారు, ఎక్కడికీ వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. అందుకని మతం జోలికి పెద్దగా పోను. మనిషి గురించి చెబుతాను.

ముందు పాముల సంగతి తేల్చేద్దాం. పాట్రిక్ పాములన్నిటినీ సముద్రంలోకి తరిమేశాడని పిల్లలు ఇంటికొచ్చి చెబుతారు. మంచుయుగం తర్వాత ఈ దీవికి పాములు చేరనే లేదు. ఇంక ఆయన తరిమిందెక్కడ? షామ్‌రాక్ అనే మూడాకుల మొక్కని చూపించి త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే నమ్మకాన్ని) బోధించాడనే కథ కూడా ఆయన పోయిన వెయ్యేళ్ళకు పైగా తర్వాతే పుస్తకాలకెక్కింది. కథలుగా బాగుంటాయి, చెప్పుకోండి. కానీ ఆయన స్వయంగా లాటిన్‌లో రాసినవి రెండు మిగిలాయి. ఒకటి తన జీవితం చెప్పుకున్న ‘కన్ఫెషియో’. రెండోది, కొరోటికస్ అనే నాయకుడి సైనికులకి రాసిన ఉత్తరం. ఐదో శతాబ్దంలో ఇక్కడ బతికిన మనిషి గొంతు మనకి నేరుగా వినపడటమే ఆశ్చర్యం.

పాట్రిక్ ఐరిష్ వాడు కాదు. పుట్టింది రోమన్ బ్రిటన్‌లో. తాత చర్చిలో ప్రీస్ట్, నాన్న డీకన్ అంటే ప్రీస్ట్ కింద పనిచేసే సేవకుడు, ఉన్నవాళ్ళ కుటుంబం. పదహారేళ్ళప్పుడు ఐరిష్ దొంగలు వచ్చి, ఇంకా ఎంతోమందితో పాటు ఈయన్నీ ఎత్తుకొచ్చి బానిసగా అమ్మేశారు. ఆరేళ్ళు పశువుల్ని కాశాడు. మంచులో, వానలో తెల్లారకముందే లేచి ప్రార్థన చేసేవాణ్ణని రాసుకున్నాడు. చివరికి తప్పించుకుని, దాదాపు రెండు వందల మైళ్ళు నడిచి, ఓడ పట్టుకుని ఇల్లు చేరాడు.

అక్కడితో ఆగిపోతే ఈ పండగే ఉండేది కాదు. కొన్నేళ్ళకి ఓ కల వచ్చింది. అందులో ఐర్లండ్ జనం, మళ్ళీ వచ్చి మా మధ్య తిరుగు బాబూ అని పిలిచారట. అమ్మానాన్నలు వద్దని బతిమాలారు. అయినా బిషప్ అయి తిరిగొచ్చాడు, తనని బానిసని చేసిన దేశానికే.

నాకు ‘కన్ఫెషియో’లో బాగా నచ్చేది ఆయన సిగ్గు. చదువుకోవాల్సిన వయసు గొర్రెల వెనకే గడిచిపోయింది కదా, నా లాటిన్ బాగోదు, రాయాలంటేనే బిడియం అంటాడు. పరాయి భాషలో మీటింగ్‌లో నోరు విప్పడానికి టెన్షన్ పడ్డవాళ్ళెవరికైనా అది అర్థమవుతుంది. ఇంకో చోట, భక్తురాళ్ళు తమ నగలు తీసి బలిపీఠం మీద వేస్తే తిరిగి ఇచ్చేసేవాణ్ణని, దానికి వాళ్ళు నొచ్చుకునేవాళ్ళని రాశాడు. డబ్బు విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆయన జాగ్రత్త.

ఇక పండగ. ఇప్పుడు మనం చూసే పరేడ్ ఐర్లండ్‌లో పుట్టింది కాదు, వలసపోయినవాళ్ళు పెంచింది. న్యూయార్క్‌లో 1762 నుంచే ఉంది. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్ళిపోయి కరువొచ్చింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకన్నా ఎక్కువమంది దేశం వదిలారు. అమెరికాలో వాళ్ళని ఈసడించుకున్న రోజుల్లో, మేమూ ఉన్నాం అని చెప్పుకోవడానికి ఈ ఊరేగింపు పనికొచ్చింది. ఇక్కడ మాత్రం చాలాకాలం చర్చికెళ్ళి, కోటుకి షామ్‌రాక్ రెమ్మ గుచ్చుకుని, ఇంటికొచ్చేసే రోజు. సెలవు దినంగా చట్టం వచ్చింది 1903లో. 1927 చట్టం తర్వాత దశాబ్దాల పాటు ఆ రోజు పబ్బులు మూసేసేవారు. ఈ మాట చెబితే మా ఆఫీసు కుర్రాళ్ళు నమ్మరు!

భక్తి ఇంకా కనిపించే చోటు ఐర్లండ్ పడమటి వైపు మేయో కౌంటీలోని క్రోపాట్రిక్ కొండ. 764 మీటర్ల ఎత్తు. జులై ఆఖరి ఆదివారం వేలమంది ఎక్కుతారు, కొందరు చెప్పుల్లేకుండా. తిరుమల మెట్లెక్కినవాళ్ళకి వింతేమీ అనిపించదు. పైన చాలాకాలం అంతా జారిపోయే రాళ్ళే ఉండేవి. మంచి బూట్లు వేసుకెళ్ళండి.

ఆ రెండో ఉత్తరం సంగతి చెప్పి ముగిస్తాను. పాట్రిక్ బాప్తిస్మం ఇచ్చిన మర్నాడే కొరోటికస్ సైనికులు ఆ కొత్త విశ్వాసుల మీద పడ్డారు. వాళ్ళింకా తెల్లబట్టల్లోనే ఉన్నారు, నుదుటి మీద అభిషేక తైలం పరిమళం ఆరలేదు. కొందరిని నరికేశారు, మిగతావాళ్ళని బానిసలుగా పట్టుకుపోయారు. వాళ్ళని విడిచిపెట్టమని పాట్రిక్ ఒక ప్రీస్ట్‌తో కబురు పంపితే పగలబడి నవ్వారట. అప్పుడు రాశాడీ ఉత్తరం, అందరి ముందూ చదివి వినిపించమని. ఆ సైనికులూ క్రైస్తవులమనే చెప్పుకునేవాళ్ళు. అయినా వీళ్ళు నా వాళ్ళు కారు, దయ్యాల తోటివాళ్ళు అన్నాడు. ఆ కోపంలోనే ఒక వాక్యం ఉంది: మేం ఐరిష్ వాళ్ళమనే కదా మీకు చులకన! చూడండి, ‘వాళ్ళు’ అనలేదు, ‘మేం’ అన్నాడు. ఎత్తుకొచ్చి అమ్మేసిన జనంలో తనని తాను కలిపేసుకున్నాడు.

నన్నడిగితే పాముల కథ, షామ్‌రాక్ కథ రెండూ కలిపినా ఈ ఒక్క వాక్యానికి సరిరావు. ఆ ఉత్తరం కొన్ని పేజీలే, ఇంగ్లీషు అనువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పదేళ్ళు దాటిన పిల్లలుంటే పరేడ్‌కి ముందురోజు కలిసి చదవండి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి, టీ కూడా వచ్చినట్టుంది.